కిందిది వేరు

ఆ రోజు కోడలికి మెడికల్ కోడింగ్ పరీక్ష. ఆసుపత్రి కాగితాలు చదివి, ఏ జబ్బుకు ఏ కోడో చూసి వేసే ఉద్యోగం ఆమెది. ఈ పరీక్ష గట్టెక్కితేనే అది పర్మనెంటవుతుంది. మేడమీద గదిలో కంప్యూటర్ కెమెరా ముందు కూర్చుని రాయాలి. గదిలో ఇంకో మనిషి గొంతు వినిపిస్తే పరీక్ష రద్దు. అందుకని పొద్దున్నే, "నేను పిలిచేదాకా ఎవరూ మేడెక్కొద్దు" అని అందరికీ చెప్పింది. అందరూ బుద్ధిగా తలూపారు.

మోకాళ్ల నొప్పులతో అత్తగారు ఈమధ్యే మేడ దిగి కింది గదికి మారారు. అప్పటినుంచీ ఇంట్లో తన మాట చెల్లడం లేదని ఆవిడకు ఒకటే అనుమానం. కోడలికి టీ ఇద్దామని మెట్ల దగ్గరకు వెళ్లేసరికి, పైమెట్టు మీద కూర్చున్న కోడలు ఫోన్లో స్నేహితురాలికి పాఠం చెబుతోంది. పుర్రెకూ ముఖానికీ చెందిన ఎముకల్లో క్యాన్సర్ పుడితే అన్నిటికీ ఒకటే కోడు, కింది దవడ ఎముకకు మాత్రం వేరే కోడు. అత్తగారి చెవిన పడింది చివరి ముక్కే.

"పైది తలతోనే ఉంటుందే, దాని జోలికి పోకు. కిందిదాన్ని మాత్రం వేరు పెట్టాల్సిందే. కలిపావో, కొంప మునుగుతుంది!"

పైన ఉండేది కొడుకూ కోడలూ. కింద ఉండేది తను. ఇంక అర్థం కావడానికి ఏముంది? అత్తగారు టీ పట్టుకెళ్లి వరండాలో పేపరు చదువుతున్న భర్త ముందు ఠపీమని పెట్టారు.

"నన్ను వేరు పెడుతున్నారు!"

"మరి నేనో?"

"మీ ఊసే ఎత్తలేదు."

మామగారు కాస్త స్థిమితపడి టీ అందుకున్నారు.

ఆయనతో లాభం లేదని ఆవిడ ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు. "ఏరా, కింద వేరు పెడుతున్నారటగా?"

కింది వాటాకు వేరే కరెంటు మీటరు పెట్టించే పనిలో ఉన్నాడు కొడుకు. "అవునమ్మా, నీకు చెబుదామనే అనుకుంటున్నా. మాకూ మీకూ రోజూ తంటా ఉండదు, ఎవరిది వాళ్లకి" అన్నాడు హుషారుగా.

అంతే, అత్తగారు మోకాళ్ల సంగతి మరిచిపోయారు. దడదడా మేడెక్కి తలుపు తోశారు. అప్పటికే పరీక్ష మొదలైంది, సరిగ్గా అప్పుడే కోడలి ముందు కంప్యూటర్లో కింది దవడ ప్రశ్న ఉంది.

"కిందిది నీకు వేరా? చెప్పు, కిందిది వేరేనా?"

కంప్యూటర్లోంచి ఇన్విజిలేటర్ గొంతు ఖంగుమంది. "మేడమ్, పక్కనుంచి జవాబు చెబుతున్నారు. పరీక్ష రద్దు."

కోడలు బావురుమంది. అత్తగారు బిత్తరపోయారు. "నేనేం చెప్పానే?"

"కరెక్ట్ జవాబు చెప్పారత్తయ్యా!"

కోడలు వెక్కుతూనే తన గడ్డం పట్టుకుని చూపించింది. తలలో కదిలే ఎముక ఇదని, కోడుల పుస్తకంలో దీనికే వేరు కాపురమని వివరంగా చెప్పింది. అత్తగారు కొడుకు ఫోన్లో అన్న మాట ఎత్తితే, అది కరెంటు మీటరు సంగతని తేల్చింది. అత్తగారికి ప్రాణం చివుక్కుమంది. "నా దవడ పగలగొట్టాలి!" అని నెత్తి కొట్టుకుని, కెమెరా ముందు కూర్చున్నారు. మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి కరెంటు మీటరు దాకా ఏకరువు పెట్టారు. మధ్యలో ఇన్విజిలేటర్ చాలాసార్లు "అమ్మా" అన్నాడు గానీ లాభం లేకపోయింది. చివరికి పైవాళ్లతో మాట్లాడి ఇంకో తేదీ ఇప్పించాడు.

ఈసారి అత్తగారు మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని, పరీక్ష అయ్యేదాకా నోరు విప్పలేదు. ఫలితాలొచ్చిన రోజు కోడలు పరుగున మేడ దిగి ఆవిణ్ని వాటేసుకుంది.

"పాసయ్యానత్తయ్యా! కానీ ఆ దవడ ప్రశ్న మళ్లీ వచ్చింది. మీరే కళ్లముందు కనబడ్డారు. కిందిదాన్ని వేరు పెట్టడానికి చెయ్యి రాలేదు, తలతోనే కలిపేశాను. అదొక్కటే తప్పయింది."

అత్తగారు కళ్లొత్తుకున్నారు.

"ఎవరే తప్పన్నది? అదొక్కటే సరిగ్గా రాశావు."