దీపం మోసిన గాడిద

సేనాపతి నేలకూలితే సైనికులు పారిపోయి తీరాలని మొట్టమొదట నిర్ణయించినవారెవరు? ముప్పై నాలుగేళ్లు చరిత్ర పాఠం చెప్పి రిటైరైన టీచరమ్మ ఆ ఉదయం అడిగిన ప్రశ్న ఇది. ఆఫీసులో ఉన్నవాళ్లంతా కంప్యూటర్ తెరల వెనుక తలలు దాచుకున్నారు. జవాబు ఇంతవరకు రాలేదు.

ఆ ఆఫీసు ఆమె మేనకోడలిది. రెండు గదులు, ఏడు కుర్చీలు, తరచూ మొరాయించే ఒక ఫ్యాను. మాయలోకపు యుద్ధాల ఆట ఒకటి అక్కడ మూడేళ్లుగా తయారవుతోంది. అందులోని మాటల్లో తప్పులు దిద్దడం టీచరమ్మ పని. ఆనాటి కార్యక్రమం చాలా చిన్నది. పదకొండింటికి ఆట కొనే సంస్థ నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు, చూస్తాడు, నచ్చితే సంతకం పెడతాడు. నచ్చకపోతే నెలాఖరుకు ఆఫీసుకు తాళం. ఈలోగా టీచరమ్మ ‘ధైర్యం పట్టిక’లో అక్షరదోషాలు చూసి ఇవ్వాలి.

ఆ పట్టిక మేనేజరు తయారుచేసింది. భావం, నమ్మకం, నాయకత్వం అని మూడు భాగాలు. సైనికుడికి కోపమొస్తే ధైర్యం ఎంత పెరగాలి, మంత్రదీపం ఆరితే ఎంత తగ్గాలి, అన్నీ అంకెల్లో ఉన్నాయి. చిట్టచివర ‘సేనాపతి మరణం: మైనస్ నలభై’ అని ఉంది. టీచరమ్మ చూపు అక్కడే ఆగిపోయింది.

“ఏం నాయనా, తండ్రిలాంటివాడు కళ్లెదుట పడిపోతే వీళ్లకు దుఃఖం రాదా? దుఃఖం కడుపులో రగిలితే కోపం కాదా?”

“నాయకుడే సర్వస్వం మేడమ్. తల లేకపోతే మొండెం ఏం చేస్తుంది?” అని మేనేజరు టై సవరించుకున్నాడు.

“తల ఉన్నచోట మాత్రం అది పనిచేస్తున్న దాఖలా ఏదీ?”

“అత్తా, పొద్దున్నే మొదలుపెట్టకు! నువ్వు అక్షరాలు చూడు, చాలు” అని మేనకోడలు అవతలి గదిలోంచి కేకేసింది.

‘అక్షరాలు చూడు, చాలు.’ ఆ మాట టీచరమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఎంతటి వారి పిల్లలు రాసిన జవాబుపత్రమైనా తప్పును తప్పుగా దిద్దకుండా వదిలిన చెయ్యి కాదు ఆమెది. మైనస్ మీద నిలువుగా ఒక్క గీత గీస్తే ప్లస్ అవుతుంది. గీసింది.

“అత్తా, అయిందా?”

“దిద్దాను.”

“అయితే ఎక్కించెయ్ గడ్డం!” అని మేనకోడలు చూడకుండానే అనేసింది. ఆట ప్రోగ్రామంతా రాసిన కుర్రవాణ్ణి, ఛాతీదాకా దిగిన గడ్డం వల్ల, అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. అతను పట్టికను ఆటలోకి ఎక్కించాడు.

పదకొండింటికి పెద్దమనిషి వచ్చాడు. చేతులు కట్టుకుని, ఆవులింతను మర్యాదగా దాచుకుంటూ కూర్చున్నాడు. తెర మీద రెండువందల మంది సైనికులు బారులు తీరారు. తెల్లగుర్రం మీద సేనాపతి మంత్రదీపం పైకెత్తి ప్రసంగం మొదలుపెట్టాడు. “వీరులారా! నా వెనుక మీరున్నంత కాలం...” అన్నాడో లేదో, వెనుక ఉన్నవాళ్లలో ఒకడు ముందుకొచ్చి అతణ్ణి ఈటెతో పొడిచేశాడు. సైన్యమంతా జయజయధ్వానాలు చేసింది.

“ఇది కథలో ఉన్నదేనా?” అని పెద్దమనిషి అడిగాడు.

“ఉన్నదేనండీ... అంటే, లేదు... ఉండొచ్చు” అన్నాడు మేనేజరు.

దీపం ఎవరి చేతికొస్తే వాడే సేనాపతి. అది ఆట నియమం. ఉపసేనాపతి దీపం అందుకున్నాడు. విలుకాళ్లు అతని పని పట్టారు. తరువాత వైద్యుడు అందుకున్నాడు. తరువాత వంటవాడు, గరిటెతో సహా పోయాడు. ఒక్కొక్కరు పడేకొద్దీ మిగిలినవాళ్ల ముఖాలు వెలిగిపోతున్నాయి.

“గడ్డం, వీళ్లకేం పుట్టిందిరా?” మేనకోడలు పళ్ల బిగువున అడిగింది.

“అక్కా, ధైర్యం పెరిగే పని ఎక్కడుందో వెతుక్కుని చేసేలా వాళ్లను రాశాను. సేనాపతి చస్తే నలభై పెరుగుతుందని పట్టికలో ఉంది. ఇక ఊరుకుంటారా?”

మేనేజరు “అర్జెంటు కాల్” అంటూ అరచెయ్యి చెవికి ఆనించుకుని మెట్లవైపు జారుకున్నాడు. ఫోను బల్ల మీదే ఉంది.

“ఆ గీత గీసింది...” అంటూ టీచరమ్మ లేచి నిలబడింది.

“నువ్వు కూర్చో అత్తా.” మేనకోడలు పెద్దమనిషి వైపు తిరిగింది. “తప్పు నాదండీ. పట్టిక చూడకుండానే సరేనన్నాను. ఆపమంటే ఆపేస్తాం. చూస్తానంటే చివరిదాకా ఇక్కడే ఉంటాం.”

ఆమె అంగుళం కూడా కదలలేదు. మిగిలినవాళ్లలో ఒక్కరూ లేచి వెళ్లలేదు. గడ్డం తన కుర్చీని ఆమె పక్కకు లాక్కున్నాడు. ఊరికే అరమార్కు వేసి ఎరుగని టీచరమ్మకు కళ్లు చెమర్చాయి.

తెర మీద దీపం ముట్టుకునే నాథుడు లేడు. ఎవడో తెలివైనవాడు దాన్ని మూటలు మోసే గాడిదకు తగిలించాడు. నియమం నియమమే, గాడిద సేనాపతి అయింది. నూటయాభై కత్తులు లేచాయి. గాడిద చావలేదు. దాన్ని సామాన్ల లెక్కలో రాశారు. సామాన్లకు ప్రాణం ఇంతని అంకె ఉండదు, దెబ్బలకు తగ్గడానికి. ‘ఎన్ని దెబ్బలు తగిలినా చావని నాయకుడు: ప్లస్ అరవై’ అని నమ్మకం భాగంలో మేనేజరే రాసిపెట్టుకున్నాడు. సైన్యం కత్తులు దించి మోకరిల్లింది. గాడిదకు తెలిసిందల్లా పచ్చగడ్డి. అది శత్రువు కోట గుమ్మం ముందు పుష్కలంగా పెరిగి ఉంది. గాడిద నడిచింది, దాని వెనుక సైన్యం నడిచింది. పావుగంటలో కోట వశమైంది. అప్పటికీ గాడిద తల ఎత్తలేదు.

పెద్దమనిషి పడీపడీ నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. “సేనాపతి ప్రసంగాలు చూసీ చూసీ విసిగిపోయానమ్మా. గాడిదను తీసేయనంటే ఇప్పుడే సంతకం పెడతాను.”

సరిగ్గా అప్పుడే మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. “ఆ గాడిద ఆలోచన మొదటినుంచీ నాదేనండీ!”

పెద్దమనిషి అతణ్ణి ఎగాదిగా చూశాడు. “మీరు లేనప్పుడే ఆట బాగా నడిచిందండీ.”

మరునాటినుంచి మేనేజరు వారం రోజులు సెలవు పెట్టాడు. ఆరు నెలలుగా సాగుతున్న పని ఆ వారంలో పూర్తయింది. టీచరమ్మ ఆ సంగతిని ఎర్రసిరాతో పట్టిక అడుగున రాసి, ఈసారి మేనకోడలికి చూపించి మరీ ఇచ్చింది.

మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం ఇంకా రాలేదు. కనుక మీరే చెప్పాలి. మీ పై అధికారి రాని రోజున మీ పని ఆగిందో, సాగిందో ఒక కాగితం మీద రాయండి. రాసి, కింద సంతకం కూడా పెట్టండి.