అద్దాల బీరువా మహాసంగ్రామము

పరీక్షలు పరిసమాప్తములై, ఫలితములింకను గర్భస్థములై, విద్యార్థిరహితములైన వరండాలలో పంకాలు ఎవరికోసమో తెలియక తిరుగుచుండగా, ఒకానొక విశ్వవిద్యాలయ గ్రంథాలయ ముఖద్వారమున, సరిగ్గా పదిగంటల పది నిమిషములకు, నాలుగు గుండుసూదుల సాక్షిగా ఒక నోటీసు ప్రతిష్ఠితమయ్యెను. శ్రోతలారా, కుర్చీలు కాస్త ముందుకు జరుపుకోండి. ఈ గాథలో రక్తపాతం లేదు గానీ అవమానం బోలెడుంది. మధ్యలో ఎవరూ ప్రశ్నలు వేయకండి, నాకు తిక్క పుడుతుంది.

ఆ ద్వారమునకు అభిముఖముగా నిలువెత్తు అద్దాల బీరువా ఒకటి విరాజిల్లుచుండును. ‘మన అధ్యాపకుల గ్రంథములు’ అని దాని నుదుట రాసి ఉంటుంది. అర్థశాస్త్రము, చరిత్ర, తర్కము, భూగర్భశాస్త్రము, ఇంకను నోరు తిరగని శాస్త్రములు కలిపి నలువదిరెండు గ్రంథములు అందు భుజము భుజము ఒరసికొని నిలిచియుండును. వాటిని రాసిన మహానుభావులు రోజూ దాని ముందు చెప్పు సవరించుకొను నెపమున ఆగి, తమది ఉందా లేదా అని ఓరకంట చూసుకుని పోతారు. పక్కవాడిది చూడరు. అందుకు వారిని తప్పుపట్టడానికి లేదు, నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

నోటీసు సారాంశమిది. ప్రతి పుస్తకం చివర ఒక చీటీ అంటించి ఉంటుంది కదా, ఎవరైనా తీసుకెళ్లినప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర పడుతుంది. ఇంతవరకు ఒక్క ముద్రయినా లేని పుస్తకములు ఈ సాయంకాలం ఐదుగంటలకు నేలమాళిగ పాలగును. రాసినవారు తమది తామే తీసుకొనరాదు. రేపు ఉదయం ముఖ్య అతిథి బీరువాను పునఃప్రారంభించును, అధ్యాపకుల కుటుంబములకు సాదర ఆహ్వానము. కింద లైబ్రేరియన్ సంతకం. ఆవిడ సంతకం పడ్డ కాగితాన్ని వైస్ ఛాన్సలర్ కూడా రెండుసార్లు చదువుతాడు.

అది చదివి, నఖశిఖపర్యంతము చల్లబడి, గోడకానుకొని నిలిచిపోయిన వీరుడొక్కడు కలడు. సకలార్ద్రకుడ్యవిహారి, సూక్ష్మదర్శినీధురంధరుడు, వృక్షశాస్త్రవిభాగాలంకారుడు, లోకం ఆయన్ని నాచు మాస్టారు అంటుంది. ముప్పై ఏళ్లు తడిగోడలు గీకి గీకి ఒకే ఒక్క పుస్తకం రాశాడు. ఆరువందల నలభై పేజీలు, మూడువందల పన్నెండు బొమ్మలు. ఆ బొమ్మలన్నీ ఆయన భార్యే గీసింది. ఆరేళ్లపాటు వంటింటి బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టుకుని, ఎడమ కన్ను దానికి ఆనించి గీసింది. ఆ కన్ను ఇప్పటికీ ఎండలోకి వెళితే నీరు కారుతుంది.

పుస్తకం వచ్చి పదకొండేళ్లయింది. ఏడాదికోసారి ఆవిడ అడిగేది, ఎవరైనా చదువుతున్నారా అని. ఆయన తడుముకోకుండా చెప్పేవాడు, బీరువాలో నిలిస్తేగా, చేతులు మారుతూనే ఉంటుందని. చీటీ మీద మాత్రం ఈనాటికీ ఒక్క ముద్ర లేదు. రేపు ఆవిడ వస్తోంది. వచ్చేసరికి పుస్తకం కింద చీకట్లో ఉంటే ఆ ఆరేళ్లకీ ఆ కంటికీ ఏం సమాధానం చెప్పాలో మాస్టారికి తెలియలేదు.

అంతట ఆ ధీరుడు, ‘ఓయీ అర్థశాస్త్రారణ్యపంచాననా! చతుర్దశగ్రంథనిర్మాణచతురా! శరణాగతుడనైన నా నాచుజాతులను నీ హస్తపద్మమున ధరించి నేలమాళిగాంధకారమునుండి ఉద్ధరింపవే!’ అని ఘోషింప నిశ్చయించి, మూడంతస్తుల మెట్లెక్కి, అర్థశాస్త్రాచార్యుని గది తలుపు తోసి, నోరు తెరిచెను. బయటికి వచ్చిన మాట, “కొంచెం పనుండి వచ్చానండీ.”

అర్థశాస్త్రం పద్నాలుగు పుస్తకాలు రాసినవాడు. అందులో ఏడింటికి ముద్ర లేదు. ఆయన బేరం సూటిగానే పెట్టాడు: ముందు నా ఏడూ మీరు తీసుకోండి, మీది నేను తీసుకుంటాను. అక్కడినుండి చరిత్ర మేడం గదికి పోతే ఆవిడ తన మూడు సంపుటాలూ కలిపే తీసుకోవాలంది. విడదీస్తే రాజవంశం మధ్యలో తెగిపోతుందట. మాస్టారు రెండిటికీ తలూపాడు.

ఇక్కడొక రహస్యం చెప్పాలి. గ్రంథాలయ కార్డు మీద ఒక్కొక్కరికి పది పుస్తకాలే ఇస్తారు. ఆచార్యుల కార్డులు ఎప్పుడూ ముప్పాతిక నిండే ఉంటాయి, ఏనాడో తీసుకెళ్లి మంచం కింద మరిచిపోయిన సరుకుతో. గడువులోగా పుస్తకం తిరిగిచ్చే అమాయకుడు ఆ ప్రాంగణం మొత్తానికి నాచు మాస్టారొక్కడే. ఆయన కార్డు ఖాళీ. ఏడూ మూడూ పది కలిసి ఆయన చంకలకెక్కాయి.

మధ్యాహ్నమయ్యేసరికి ఈ సంధి వార్త భవనభవనాంతరములు వ్యాపించి, ఎక్కువ ముద్రలున్న గ్రంథమునకే కంటికెదురుగా నుండు అర దక్కునను పుకారు దానికి తోడై, ముద్రలున్నవారు సైతం ముద్రల కోసం లేచిరి. ఆహా, ఏమని వర్ణింతును! తర్కము భూగర్భమును మోసెను, భూగర్భము భాషాశాస్త్రమును మోసెను, ఇరువదేళ్లుగా మాటలు లేని ఇద్దరు గణితవేత్తలు నీది నాకు నాది నీకని ఒకరి పుస్తకమొకరు కళ్లు మూసుకుని అందుకొనిరి. లైబ్రేరియన్ చేతిలోని ముద్ర టకటకటక మోగుచునే ఉండెను. ఎవరూ లోపలి పేజీ తెరవలేదు.

నాలుగూ నలభైకి నాచు మాస్టారు మళ్లీ మూడంతస్తులెక్కాడు. అర్థశాస్త్రం పాపం మొహం దించుకున్నాడు. కార్డులో మూడే ఖాళీలుండగా నలుగురికి మాటిచ్చాడట, మిగతా ముగ్గురివీ ముందే ఎక్కిపోయాయి, మిగిలిపోయిన నాలుగో మనిషి మీరే అన్నాడు. కార్డు నిండిపోయిన చరిత్ర మేడం ఆ సాయంత్రం తీసుకున్న ఒకటి తిరిగిచ్చేసి మీది తీసుకుంటానని పరుగున వచ్చింది గానీ, తీసుకున్నరోజే పుస్తకం తిరిగి తీసుకోబడదని కౌంటరు మీద పలక ఉంది. లైబ్రేరియన్ దానివైపు వేలు చూపింది. తన పుస్తకం ఎవరు తీసుకుంటారని అందరూ లెక్కవేశారే తప్ప తన కార్డులో ఎన్ని ఖాళీలున్నాయో ఒక్క మేధావీ చూసుకోలేదు. ఇంతటి పొరపాటు చదువురానివాళ్లు చేయరు.

ఐదు కొట్టింది. లైబ్రేరియన్ తాళం తీసి చూస్తే, బీరువాలో నలభైఒక్క పుస్తకాల జాగా ఖాళీ. మధ్య అరలో ఒకే ఒక్కటి, పక్కనున్నవి పోయేసరికి ఆసరా లేక ఒరిగి ఉంది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు ఆలోచించింది. ఇది కూడా కిందికి పోతే రేపు అతిథి ఏం ప్రారంభిస్తాడు? “రేపు కార్యక్రమం అయ్యేదాకా ఉండనిస్తాను మాస్టారూ. ఆ తర్వాత కిందికే” అని, అట్ట కనపడేలా నిలబెట్టి తాళం వేసింది.

మర్నాడు ఉదయం పదిగంటలకు సభాసదులందరు సపరివారముగా విచ్చేసిరి. ముఖ్య అతిథి కత్తెర పుచ్చుకుని రిబ్బను ముందు సిద్ధంగా నిలబడ్డాడు. మాస్టారి భార్య కళ్లజోడు పెట్టుకుని బీరువాను పైనుంచి కిందికి ఒక్కసారి చూసింది.

“మిగతావన్నీ ఏవండీ?”

“జనం తీసుకెళ్లారు” అన్నాడాయన, అని నాలుక కరుచుకున్నాడు.

“అంటే మనదొక్కటే ఎవరూ తీసుకోలేదు.”

శ్రోతలారా, నా దగ్గర ఇక్కడికి సమాసాలు అయిపోయాయి. ఆయనకు సిగ్గేసింది, అంతే. పదకొండేళ్లుగా అబద్ధం చెప్పానని, ఒక్కడంటే ఒక్కడూ దాన్ని ముట్టుకోలేదని, నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. ఆవిడ తిన్నగా కౌంటరు దగ్గరికి నడిచి, ఆ పుస్తకం నాకివ్వండి అంది.

లైబ్రేరియన్ తలెత్తింది. “రాసినవాళ్లు తీసుకోకూడదండీ.”

“నేను రాయలేదు. బొమ్మలు గీశాను.”

లైబ్రేరియన్ నియమావళి తీసి మొదటినుంచి చివరిదాకా తిరగేసింది. గీసినవారి ఊసు అందులో ఎక్కడా లేదు. కుటుంబసభ్యులకు వేరే కార్డిచ్చే ఫారం ఒకటి ముందుకు తోసి, తాళంచెవి తీసుకుని లేచి, రిబ్బను మీద కత్తెర పెట్టబోతున్న అతిథిని ఒక్క నిమిషం ఆగమంది, పాఠకురాలొచ్చిందని.

మాస్టారు భార్య చెవిలో గొణిగాడు. “ఇంట్లో రెండు కాపీలున్నాయి కదా, ఇదెందుకు నీకు?”

“ఇంట్లో ఉన్నాయనే చదవలేదు” అందావిడ, ఫారం నింపుతూ. “మూడొందల పన్నెండు గీశాను గానీ ఒక్క పేజీ చదివింది లేదు. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. లైబ్రరీదైతే గడువుంటుంది, చచ్చినట్టు చదువుతాను.”

ఆ విధముగా, ముప్పై సంవత్సరముల తపస్సునకును, దశగ్రంథభారపీడితములైన రెండు భుజములకును ఫలముగా, ఆ చీటీపై ఊదారంగు ముద్ర ఒక్కటి, కొంచెం వంకరగా, సిరా సగమే అంటి, పడెను. ముఖ్య అతిథి ఖాళీ బీరువాను ప్రారంభించెను. అందరును చప్పట్లు కొట్టిరి, ఎందుకో ఎవరూ అడగలేదు.

పిదప ఆ దంపతులు బస్సెక్కిరి. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని మొదటి పేజీ తెరిచింది. మాస్టారు బయటికి చూస్తున్నట్టు నటిస్తూ ఆ పేజీనే చూస్తున్నాడు. మొదటి స్టాపు గడిచెను, ఆమె కదలలేదు. రెండవ స్టాపు గడిచెను, ఆమె ఆవలించెను, వీరుని గుండె జారెను. మూడవ స్టాపు దాటిన పిమ్మట, వినుడు, దిక్పాలకులారా, బస్సు ప్రయాణికులారా, నలువదియొక్క గ్రంథములను చదవకుండానే మోసిన ఆచార్యవర్యులారా, చెవులొగ్గి వినుడు: ఆమె పేజీ తిప్పెను.