ముప్పై మూడో ఓటు

"ఇల్లు కొనేవాళ్ళు గోడలు చూస్తారు, కిటికీలు చూస్తారు, కుళాయి తిప్పి చూస్తారు. సంఘాన్ని మాత్రం చూడరు. జీవితంలో దెబ్బతినేది అక్కడే. కనుక ఇల్లు కొనదలచిన ప్రజలారా, ముందు మమ్మల్ని చూడండి. ఇల్లు తరవాత చూసుకోవచ్చు."

ఆదర్శ వీధి నివాసుల సమాఖ్య వారు అచ్చువేసిన ఇరవై నాలుగు పేజీల పుస్తకం ఇలా మొదలయింది. అందులో ఇరవై రెండు పేజీలు కార్యవర్గం వారి ఫొటోలు. మిగిలిన రెండు పేజీల్లో వీధి ఉంది.

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఉద్యోగం చేస్తున్న మనిషి, అందరూ అద్దాలాయన అని పిలిచే ఆయన, వీధి చివర అమ్మకానికున్న ఇంటి ముందు నిలబడి ఆ పుస్తకాన్ని భక్తిగా చదివాడు. పందొమ్మిదేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారాడాయన. ఎనిమిదో ఇంట్లోంచి ఎవరూ పొమ్మనకూడదని ఆయన కోరిక. ఆయన భార్య బళ్ళో కుట్టుపని నేర్పే టీచరమ్మ. ఆవిడ కోరిక ఇంకా చిన్నది. గోడకి మేకు కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని ఇల్లు కావాలి. అంతే.

ఇల్లు చూపిస్తున్నది ఆవిడ సొంత తమ్ముడే. ఇళ్ళ బ్రోకరు.

"బావగారూ, ఈ వీధిలో ముప్పై మూడిళ్ళు. ఇదొక్కటే ఖాళీ. మిగతా ముప్పై రెండిళ్ళ వాళ్ళకీ పదవులున్నాయి. ఇంత హోదా ఉన్న వీధి మీకు ఎక్కడా దొరకదు," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. అధ్యక్షుడు ఒకరు, ఉపాధ్యక్షులు తొమ్మండుగురు, కార్యదర్శి, సహాయ కార్యదర్శులు, గేటు రంగుల కమిటీ ఛైర్మను, నిశ్శబ్ద విభాగం కన్వీనరు, ఉపరితల జలాల ఇన్‌ఛార్జి, భూగర్భ జలాల ఇన్‌ఛార్జి. చివరికి ఏ పదవీ మిగలకపోతే ముప్పై రెండో ఇంటాయనకి 'మాజీ అధ్యక్షుడు' ఇచ్చారు. ఆయన ఏనాడూ అధ్యక్షుడిగా చెయ్యలేదు. అయినా ఆ బాధ్యతని చాలా హుందాగా మోస్తున్నాడు.

ఇల్లు కొనాలంటే సమాఖ్య ఇంటర్వ్యూ నెగ్గాలి. హాల్లో పొడుగాటి బల్లకి అటువైపు ముప్పై రెండు కుర్చీలు, ఇటువైపు రెండు. మధ్యలో అధ్యక్షుడు. ఆయన పెట్టుకున్న కళ్ళజోడు చూడగానే అద్దాలాయనకి తెలిసిపోయింది, ఆ అద్దాలకి పవరు లేదు, ఉత్త గాజు. నాయకత్వం కోసం పెట్టుకున్నవి.

"మీకు ఆశయాలేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"లేవండీ."

"పదిమందినీ పోగుచేసి మాట్లాడే అలవాటు?"

"దుకాణంలో కూడా వెనక గదిలోనే ఉంటానండీ."

అధ్యక్షుడు టీచరమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, మీవారికి నాయకత్వ లక్షణాలున్నాయంటారా?"

"నేనెప్పుడూ చూళ్ళేదండీ. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది," అందావిడ.

బల్లకి అటువైపు అందరి ముఖాలూ విప్పారాయి. కార్యదర్శి అయితే లేచి వచ్చి అద్దాలాయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ ఆప్యాయతకి కారణం ఇల్లు చేరిన మర్నాడు తెలిసింది. సమాఖ్య నిబంధనల ప్రకారం పదవిలో ఉన్నవాళ్ళు ఓటు వెయ్యకూడదు. ఎవరికి వాళ్ళే వేసుకుంటారని ఆ జాగ్రత్త. మామూలు సభ్యులే వెయ్యాలి, ఇంటికొక ఓటు. ఈ ఇంటి పాతాయన ఖాళీ చేసి వెళ్ళాక మామూలు సభ్యుడంటూ ఒక్కడూ లేకపోవడంతో పదకొండేళ్ళుగా ఎన్నికలు లేవు. వీధి ప్రశాంతంగా ఉంది. ఇంతలో మునిసిపల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, నెల తిరక్కుండా ఎన్నిక జరపకపోతే సమాఖ్య గుర్తింపు రద్దు అని. దాంతో వాళ్ళకి అర్జంటుగా ప్రజలు కావలసి వచ్చారు.

ఆ ప్రజలు అద్దాలాయన.

నాలుగోరోజు వాన పడింది. వీధి పొడుగునా వచ్చిన కాలువ సరిగ్గా వాళ్ళ గేటు దగ్గర ఆగింది. నీళ్ళు మెట్టెక్కాయి, గుమ్మం దాటాయి, ముందుగదిలో కొత్త చాప కిందకి చేరాయి. పాతాయన ఇల్లెందుకు అమ్ముకున్నాడో తమ్ముణ్ణి అడిగింది టీచరమ్మ. "నీళ్ళకి కరువుండదని చెప్పాను కదక్కా," అన్నాడు తమ్ముడు.

ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉపరితల జలాల ఇన్‌ఛార్జి ఇంటికి వెళ్ళింది.

"కాలువలో ఉన్నంతసేపూ అది నా పరిధి కాదమ్మా. పైకి పొంగాక ఉపరితలమే, కాదనను. కానీ అప్పటికది మీ ఇంట్లో ఉంది. ఒకరి ఇంటి విషయాల్లో మేం తలదూర్చం," అన్నాడాయన.

భూగర్భ జలాల ఇన్‌ఛార్జి ఇంకా లోతైన మనిషి. మూడు వందల అడుగుల కింద ఏ సమస్య ఉన్నా చెప్పమన్నాడు.

ఆ వారమే ఎన్నికల ప్రకటన వెలువడింది. పోటీ అధ్యక్షుడికీ కార్యదర్శికీ. కార్యవర్గం రెండుగా చీలింది. ఇంటింటి ప్రచారం మొదలయింది. ఉన్న ఇల్లు ఒకటే కాబట్టి అందరూ అక్కడికే వచ్చారు. పొద్దున్న అధ్యక్షుడి వర్గం, సాయంత్రం కార్యదర్శి వర్గం. గేటు ముందు బహిరంగసభ పెట్టి, "ప్రియమైన ఓటరు మహాశయులారా," అని మొదలెట్టిన అధ్యక్షుడు, కిటికీలోంచి చూస్తున్న ముఖాన్ని లెక్కచూసుకుని, "మహాశయుడా," అని దిద్దుకున్నాడు.

మూడోరోజుకి సర్వే వచ్చింది. అధ్యక్షుడికి యాభై రెండు శాతం, కార్యదర్శికి నలభై శాతం, ఎటూ తేల్చుకోనివారు ఎనిమిది శాతం.

"ఏమండీ, ఈ ఎనిమిది శాతం మీరేనా?" అంది టీచరమ్మ.

"మొత్తం నేనే కదే," అన్నాడు అద్దాలాయన కాస్త దిగులుగా.

అయినా ఆయనకి ఆ పదిహేను రోజులూ బాగానే ఉంది. అబద్ధం చెప్పడమెందుకు. జన్మలో ఎవరూ అడగని మాట అందరూ అడుగుతున్నారు, మీ అభిప్రాయమేమిటి అని. అందుకే ఒకరోజు ధైర్యం చేసి ఇద్దర్నీ గేటు దగ్గరే నిలబెట్టి చెప్పేశాడు.

"ఈ కాలువ ఎవరు బాగుచేయిస్తే వాళ్ళకే నా ఓటు."

మర్నాడే రెండు వర్గాలూ పారలతో దిగాయి. అధ్యక్షుడి వాళ్ళు వీధి కుడివైపు నుంచి తవ్వుకొచ్చారు, కార్యదర్శి వాళ్ళు ఎడమవైపు నుంచి. రెండు బురద గుట్టలూ అద్దాలాయన గేటు ముందు కలుసుకున్నాయి. అవతలివాళ్ళ బురద మేమెందుకు ఎత్తాలని ఇద్దరూ అడిగారు. ఇద్దరి ప్రశ్నా న్యాయమైనదే. ఫొటోలు తీయించుకుని వెళ్ళిపోయారు. గేటు ముందు కాలువ మీద కప్పిన బండల కింద అసలు అడ్డు అలాగే ఉంది.

పోలింగు రోజు అద్దాలాయన సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పదకొండింటి దాకా కుర్చీలో కూర్చున్నాడు. ఎంత ఆలోచించినా తేలలేదు.

"ఉన్నది ఇద్దరే కదండీ, ఎవరో ఒకరికి వేసి రండి. ఆ ఒక్క ఓటుకీ విలువుంది, ఊరికే పోగొట్టకండి," అని సాగనంపింది టీచరమ్మ. వీధిలో నరపురుగు లేదు, అందరూ హాల్లోనే ఉన్నారు. ఇదే అదననుకుని ఆవిడ తమ్ముణ్ణి పిలిచి ఇనప చువ్వ చేతికిచ్చింది.

హాల్లో క్యూ కోసం తాళ్ళు కట్టారు. కార్యవర్గమంతా కుర్చీల్లో కూర్చుని రుమాళ్ళతో వేళ్ళకంటిన సిరా తుడుచుకుంటోంది. మునిసిపల్ ఆఫీసు నుంచి వచ్చిన పోలింగు అధికారి అద్దాలాయన కాగితం చూసి, తలెత్తి, మళ్ళీ కాగితం చూశాడు.

"మీ ఓటు పడిపోయిందండీ."

"ఓటరుని నేనొక్కణ్ణే కదండీ."

"అందుకే పొరపాటుకి ఆస్కారం లేదు." అధికారి రిజిస్టరు తిప్పి చూపించాడు. అందులో అద్దాలాయన సంతకం ఉంది. దాని కింద ఇంకోటి. దాని కింద మరోటి. నిలువుగా, అడ్డంగా, పొట్టిగా, పొడుగ్గా, ఒకటి వణుకుతూ. అద్దాలాయన వరసగా లెక్కపెట్టాడు. ముప్పై రెండున్నాయి.

"ఇవేవీ నావి కావండీ."

"ప్రతిదాని పక్కనా మీ పేరే ఉంది చూడండి."

"మరి నన్ను కూడా వెయ్యనివ్వండి."

అధికారి పెన్ను కింద పెట్టాడు. ఇంతవరకూ మర్యాదగా ఉన్న ముఖం కఠినంగా మారింది.

"చూడండి, ముప్పై రెండుసార్లు వేశారు, పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను. ముప్పై మూడోసారంటే అది దొంగ ఓటు అవుతుంది. కేసు రాయాల్సి వస్తుంది."

వెనక కుర్చీల్లోంచి మాజీ అధ్యక్షుడు నిట్టూర్చాడు. "చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలాగండీ," అన్నాడు.

లెక్కింపు పది నిమిషాల్లో అయిపోయింది. అధ్యక్షుడికి పదిహేడు, కార్యదర్శికి పదిహేను. చెల్లని ఓట్లు లేవు. పోలింగు ప్రశాంతంగా జరిగిందనీ, ఇంత శాతం తన సర్వీసులో చూడలేదనీ అధికారి రాసి సంతకం పెట్టాడు. కార్యదర్శి హుందాగా ఓటమి ఒప్పుకుని, అద్దాలాయన దగ్గరకొచ్చి, "పదిహేనుసార్లు నన్ను నమ్మారు. ఈ జన్మకది చాలు," అన్నాడు. అధ్యక్షుడు కౌగలించుకున్నాడు. "మిగతా పదిహేనూ అటెందుకు వేశారని నేనడగను. ప్రజలు ప్రజలే," అన్నాడు.

అద్దాలాయన క్షమించమన్నాడు.

ఇంటికొచ్చేసరికి టీచరమ్మ మోచేతుల దాకా బురదతో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన తమ్ముడు రొప్పుతున్నాడు. కాలువలోంచి లాగిన పాత బ్యానరు గోడ మీద ఆరేసి ఉంది, 'పరిశుభ్రతే మా ఊపిరి' అని.

"అంచు కుట్టు గట్టిగా ఉందండీ. అందుకే ఇన్నాళ్ళూ చిరక్కుండా అడ్డుపడింది," అంది.

బండల కింద నీళ్ళు గలగలమంటూ పారుతున్నాయి. ముగ్గురూ కాసేపు ఆ చప్పుడే విన్నారు. ఓటు ఎవరికి వేశారని ఆవిడ అడిగింది. "ఇద్దరికీ," అన్నాడాయన.

సాయంత్రం నాలుగింటికి ఊరేగింపు వచ్చింది. ముందు అధ్యక్షుడు, వెనక కార్యవర్గం, ఆ వెనక తోపుడుబండి మీద శిలాఫలకం. 'ఓటరు కోరిక మేరకు పునరుద్ధరించబడిన కాలువ' అని పైన చెక్కి, కింద ముప్పై రెండు పేర్లూ చెక్కించారు. పేర్లు ఎక్కువవడంతో రాయి తలుపంత అయింది. గోడకి ఆనించడం కుదరక, గేటు పక్కన బండలు రెండు తీయించి, అక్కడే నిలబెట్టి, నాలుగు తట్టల కాంక్రీటు పోయించారు. చప్పట్లు కొట్టారు. అద్దాలాయన చేత కూడా కొట్టించారు.

అందరూ వెళ్ళాక తాపీమేస్త్రి రాయిని అటూ ఇటూ కదిపి చూసుకుని, చేతులు కడుక్కోడానికి చెంబు అడిగాడు. మనిషి పనిమంతుడు.

"పునాది ఆగదేమోనని భయపడ్డానమ్మా. ఇందాకటిదాకా కింద నీళ్ళు పారుతున్న చప్పుడొచ్చింది," అన్నాడు టీచరమ్మతో. "ఇప్పుడు ఆగిపోయింది. ఇంక నూరేళ్ళయినా కదలదు."