కర్తను కాను

మా పక్కింటి దుర్గాంబగారిని ఊళ్ళో టముకు దుర్గాంబ అంటారు. ఆవిడ పంపు దగ్గర మా ఆవిడ పున్నమ్మతో అన్నదట, మీ ఆయన సన్నాసుల్లో కలిసిపోయాడంట గదే, తెల్లారి డాబా మీద ఒంటికాలి మీద నిలబడుంటే మా కోడలు కొంగనుకుని అదిలించిందని.

అదిలించిన మాట నిజమే. సన్యాసం మాట అబద్ధం. చీరాలలో పదిరోజుల యోగా శిబిరానికి పోయొచ్చాను, అంతే. నడుంనొప్పికని ఇంట్లో చెప్పాను.

మీతో దాపరికమెందుకు, నొప్పి నడుములో లేదు.

సిలార్ ఇరవయ్యేళ్ళుగా మా మిరపతోటకి మందు కొట్టేవాడు. ఆ మధ్యాహ్నం తల తిరుగుతోందన్నాడు. "ఒక్క ట్యాంకే గదరా, కొట్టేసి పో" అన్నాను. కొట్టాడు. సాళ్ళ మధ్యే పడిపోయాడు. మూడో రోజు గుంటూరులో ప్రాణం పోయింది. ఊరంతా గోరీలదొడ్డికి, వాడి మట్టికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. వాడి భార్య మదార్‌బీ ఉండే వీధి తప్పించడానికి చేనికి మైలు చుట్టు తిరిగి పోతున్నాను.

శిబిరంలో గురువుగారు చెప్పారు, చేసేది నేననుకోవడమే బంధం, కర్తవు నువ్వు కావు, ఫలం నీది కాదు, ఇది తెలిసినవాడికి కర్మ అంటదని. వరదలో కొట్టుకుపోయేవాడికి అరటిబోదె దొరికినట్టయింది. ఆయన ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయారు గానీ, పర్చూరు బస్సు పోతుందని లేచి వచ్చేశాను.

ఇంట్లో అమలు పెట్టాను. పున్నమ్మ గేదెకి కుడితి పెట్టమంటే కర్తను కానన్నాను.

"మరి నిన్న గోంగూర జాడీ అడుగంటా నాకిందెవరు?"

"ఇంద్రియాలు."

"అయితే ఆ ఇంద్రియాలకి ఇవాళ మజ్జిగన్నమే. మీకెటూ ఆకలుండదుగా."

పద్మాసనంలో కాళ్ళు పెనవేశానే గానీ విప్పడం చేతకాలేదు. పున్నమ్మ పలుపు ముడి విప్పినట్టు ఒక్కో కాలూ విప్పి, ముక్తంటే ఇదేనా అని అడిగింది.

కళ్ళు మూసుకుంటే వెలుగు కనిపిస్తుందన్నారు గురువుగారు. నాకు పక్కకి ఒరిగిన స్ప్రేయరు, దాని గొట్టంలోంచి ఇంకా కారుతున్న మందు కనిపించేవి. ఊపిరి పీలిస్తే ఆ వాసనే.

పున్నమ్మకి తెలుసు. ఒకరోజు పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది, రేపు సిలార్ నలభయ్యో రోజు, ఫాతిహా చదివి భోజనాలు పెడతారు, ఒక్కసారి వెళ్ళొద్దామని. రాగద్వేషాలు వదిలేశానన్నాను.

"కల్లంలో మిరపకాయలు కూడా వదిలేశారా?"

"ఫలం నాది కాదని చెప్పాగా."

"మాట మీదుంటారా?"

"ఉంటాను."

సరే అని లేచి వెళ్ళింది. ఇన్నేళ్ళ కాపురంలో పున్నమ్మ ఇంత తొందరగా సరే అన్నది లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు పొద్దున డాబా మీద శవాసనంలో ఉన్నాను. ట్రాక్టరు చప్పుడు, దాని వెనకే దుర్గాంబగారి గొంతు. వాగుచేను కాయంతా మా ఆవిడ మదార్‌బీకి ఇచ్చేసిందట, కల్లంలోంచి తోలుకుపోతున్నారట, నాకేమైనా తెలుసా అని అరుస్తోంది.

శవం లేచింది.

చొక్కా లేదు, చెప్పుల్లేవు, లుంగీ ఒక చేత్తో పట్టుకుని ట్రాక్టరు వెనక పరుగు. అరుగుల మీదివాళ్ళు యోగాలో ఇదేం ఆసనమని అడిగారట, నాకు వినపడలేదు. నలభై రోజులుగా తొక్కని వీధిలోకి ఎప్పుడు తిరిగానో కూడా చూసుకోలేదు.

ట్రాక్టరు మదార్‌బీ గుమ్మం ముందు ఆగింది. ఎగిరి పట్టా లాగాను. కింద వంటచెరకు, రెండు బియ్యం బస్తాలు, అద్దె గిన్నెలు. కాయ ఒక్కటి లేదు.

పందిరి కింద పున్నమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. కాయలు కల్లంలోనే ఉన్నాయని చెప్పింది, తల ఎత్తకుండానే. దుర్గాంబగారి చెవిన ఆ మాట వేసి నాకే ఎర వేసిందని అప్పటికి గాని అర్థం కాలేదు.

లోపల్నుంచి మదార్‌బీ వచ్చింది. మనిషి చిక్కి సగమైంది. నన్ను చూసి పైట తలమీదికి లాక్కుని గడపలోనే నిలబడింది. కర్తను కానన్న మాట గొంతుదాకా వచ్చి, ఆ ముఖం చూసి వెనక్కి పోయింది.

"ఇన్నాళ్ళూ రావాలనే ఉందమ్మా," అన్నాను. "కాలు రాలేదు."

మదార్‌బీ దుమ్ముకొట్టుకున్న నా పాదాలకేసి చూసింది.

"మట్టికి రాని కాలు, కాయలకి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిందిగా అన్నా."