గోడలు గీకకండి బాబూ!

రంగు వేసే ముందు గోడ గీకాలనే మనిషిని నేను చచ్చినా నమ్మను. ఇవాళ గోడ గీకమన్నవాడు రేపు ఇంకేం గీకమంటాడో ఎవరికి తెలుసు?

పాత పెచ్చులు ఊడదీయాలట. దుమ్ము దులపాలట. పాచి కడగాలట. కడిగాక తడి ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలట. ఆపైన ఉప్పు కాగితంతో రుద్దుడు, ఆ రుద్దుడు మీద ప్రైమరు! ఇన్ని చేశాక ఇక రంగుకు మిగిలిన పనేమిటండీ? లోపలి సంగతి బయటికి కనపడకుండా చూడటానికే కదా రంగు పుట్టింది! గోడను ముందే బాగుచేసేస్తే రంగు పొట్ట కొట్టినట్టు కాదూ?

ఈ విషయంలో మా భవనం ఆదర్శప్రాయం. మా మెట్ల గోడ మీద కొత్త రంగు ఏనాడూ పాత రంగును వెళ్ళగొట్టలేదు. నీలం మీద పచ్చ, పచ్చ మీద గులాబీ, దాని మీద పేరు తెలియని మరో రంగు. ఎక్కడైనా ఓ పెచ్చు ఊడిందా, అందరూ కలిసికట్టుగా దర్శనమిస్తారు. ఇంతటి సఖ్యత మీ తోటికోడళ్ళలో చూపించండి!

మెట్ల మలుపులో ఒక బల్లి ఉండేది. పెయింటర్ బ్రష్షుతో అదిలించాడు. అది కదల్లేదు. "పని ఆగకూడదని దాన్ని కూడా కలిపేశాను సార్" అని చెప్పాడు. అంకితభావం అంటే అదీ. బల్లి ఎటో పోయింది గానీ దాని ఆకారం గోడ మీద ఖాళీగా మిగిలింది. చుట్టాలొస్తే చూపిస్తున్నాం.

ఇక పార్కింగ్ నేల సంగతి. నూనె మరకల మీదే ఎర్రటి కోటింగ్ వేయించాం. ఆ వారంలోనే అది కార్ల టైర్లకు అంటుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్ళింది. అంటే మా పార్కింగ్ స్థలం పైసా ఖర్చు లేకుండా పెరిగింది! మేమేం తప్పు చేశామో చెప్పండి.

ఇంత చల్లని భవనంలో అసమ్మతి గొంతు ఒక్కటే ఉంది. దురదృష్టవశాత్తూ అది మా ఇంట్లోనే ఉంది.

"అందమైన భవనం" పోటీకి ఆదివారం జడ్జీలు వస్తున్నారని తెలిసి, మా సంఘం అధ్యక్షుడు గారు ముందు వైపంతా రంగు వేయించాలన్నారు. ముందు గుమ్మం మీద పెద్ద సన్‌షేడ్ ఉంది. రోజూ పొద్దున మా అమ్మాయితో సహా పిల్లలందరూ స్కూలు బస్సు కోసం దాని కిందే నిలబడతారు. నా భార్య బూజుకర్ర తెచ్చి, తిరగేసి, ఆ సన్‌షేడ్ అడుగున టకటకా కొట్టింది. గట్టి గోడ మోగినట్టు మోగలేదు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది.

ఆ కర్రతోనే తిన్నగా మీటింగుకు వచ్చింది.

"మేస్త్రీ, సన్‌షేడ్ అడుగున ప్లాస్టరింగు పట్టు వదిలేసింది. మొత్తం రాలగొట్టి మళ్ళీ పూసి, ఆ తర్వాతే రంగెయ్యండి. దాని కింద పిల్లలు నిలబడతారు."

"మీరన్నది నిజమేనమ్మా. కానీ రాలగొడితే లోపలి చువ్వలు బయటపడతాయి. ఆదివారానికి అవ్వదు" అన్నాడు మేస్త్రీ.

"చువ్వలా! జడ్జీల ముందా!" అధ్యక్షుడు గారు గుండె పట్టుకున్నారు. "చూడమ్మా, ఎన్నో ఏళ్ళ నుంచి అది అక్కడే ఉంది. కర్రతో పొడవకుండా ఉంటే ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది."

గీకకుండా రంగు వేయడానికి ఒప్పుకున్నవాళ్ళని చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. భార్యతో పేచీ వస్తే ఒక పూట మాటలుండవు. అధ్యక్షుడితో పేచీ వస్తే కారు వీధిలో పెట్టుకోవాలి. నేను సంసారిని, లెక్క తెలిసినవాణ్ణి.

మొదటి బహుమతి మాకే వచ్చింది! జడ్జీలు తలెత్తి ఆ సన్‌షేడ్‌ని చూసి "అద్దంలా ఉంది" అన్నారు. వాళ్ళిచ్చిన ఇత్తడి ఫలకాన్ని సరిగ్గా దానికే బిగించాలని అధ్యక్షుడు గారి కోరిక. ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి డ్రిల్ పెట్టాడు. ఒక్కసారి బుర్రుమంది. ఫలకం, దానితో పాటు తలుపంత ప్లాస్టరింగు, దాని మీది కొత్త రంగు, అన్నీ కలిసి అధ్యక్షుడు గారు ఫోన్ మాట్లాడటానికి అప్పుడే లేచిన కుర్చీ మీద పడ్డాయి. కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి.

వెంటనే అత్యవసర మీటింగు పెట్టాం. తప్పు డ్రిల్‌దేనని ఏకగ్రీవంగా తేలింది. రాలిన చోట దుమ్మయినా తుడవకుండా సిమెంటు మెత్తి, సాయంత్రానికల్లా రంగేసేశారు. "మిగతాదైనా రాలగొట్టండి, మీ కాళ్ళకు మొక్కుతాను" అంది నా భార్య. రాలగొట్టక్కర్లేదన్నవాళ్ళని మళ్ళీ చేతులెత్తమన్నారు. మళ్ళీ ఎత్తాను.

మర్నాడు పొద్దున మా అమ్మాయి గుమ్మంలో ఆగి తలెత్తి చూసింది.

"నాన్నా, ఇది పడదు కదా?"

"పడదమ్మా. చూడు, ఎంత నున్నగా ఉందో!"

"అయితే నువ్వు కూడా వచ్చి దీని కింద నిలబడు."

పిల్లలకు కళాదృష్టి ఉండదు. అందమైన వస్తువును దూరం నుంచి చూడాలని దానికి చెబుతూ, చెయ్యి గట్టిగా పట్టుకుని గబగబా రోడ్డుకు అవతలి పేవ్‌మెంట్ మీదికి తీసుకుపోయాను. నా భార్య స్కూలు సంచీ పట్టుకుని మా వెనకే వచ్చింది.

అక్కడ అప్పటికే అధ్యక్షుడు గారు ఉన్నారు. ఎండలో, మనవడి చెయ్యి పట్టుకుని. ఆయన పక్కన కోశాధికారి, కూతురితో. వెనకాల కింది వాటా దంపతులు, కవలలతో. మీటింగులో ఎత్తిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో చిన్న చేతిని పట్టుకుని.

"రంగు బాగా కుదిరిందండీ" అన్నారు అధ్యక్షుడు గారు, నా వైపు చూడకుండా.

"అద్భుతంగా కుదిరింది" అన్నాను.

మీటింగులకు మేం పిలవని అద్దెవాళ్ళ పిల్ల ఒక్కతే ఆ సన్‌షేడ్ నీడలో నిలబడి ఉంది. అందరం ఇటెందుకు వచ్చేశామో అర్థంకాక మాకేసి చూస్తోంది. మేం రంగును చూస్తున్నాం.

నా భార్య స్కూలు సంచీ నా చేతిలో పెట్టి, ఆ పిల్లను తీసుకురావడానికి రోడ్డు దాటింది.