శ్లాబు కారితే ర్యాంకు

ఆ ఉదయం జరగాల్సిన పని ఒక్కటే. మేస్త్రీ వచ్చి యూనివర్సిటీ బోటనీ విభాగం శ్లాబు బాగుచేయాలి. మూడు వానాకాలాలు కొట్లాడి బోటనీ మేడమ్ సాధించుకున్న మరమ్మతు అది. ఆ శ్లాబు కిందే ఆమె ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఎండబెట్టి, అతికించి దాచిన మొక్కలున్నాయి. ఇంకో వాన పడితే అన్నీ బూజుపాలే. ఆకాశం అప్పటికే నల్లబడింది.

మేస్త్రీ మాత్రం నిచ్చెన భుజాన వేసుకుని వెనక్కి పోతున్నాడు.

"ఎక్కడికయ్యా?"

"పని ఆపమన్నారమ్మా. శ్లాబు కారితేనే పిల్లలు పాసవుతారని మీ ఆయన లెక్క తేల్చారంట."

ఆమె తోసిన తోపుకి స్టాటిస్టిక్స్ విభాగం తలుపు గోడకు కొట్టుకుంది. "ఏమండీ! మీ లెక్కలు మండ! నా మొక్కలు ఏం పాపం చేశాయి?"

భర్త చేతిలో టీ ఒలికింది. "నేనలా అనలేదే! ఏ విభాగం, ఏ ఆఫీసు ఎంత బాగా పనిచేస్తోందో కొలిచే మోడల్ కట్టమన్నారు, కట్టాను. శ్లాబు కారేచోట ఫలితాలు బాగున్నాయి. అవి పాత విభాగాలు, అనుభవమున్న టీచర్లు అక్కడే ఉన్నారు. అంతే! వాన వల్ల కాదని కింద రాశాను కూడా."

"పైన రాసిందే సరిగ్గా చదవని వీసీకి కింద రాశారా!"

ఇద్దరూ వీసీ గదికి పరుగెత్తారు. దారిలో కామర్స్ వాళ్ల కొత్త భవనం మీద సుత్తుల మోత. కింద ఆ విభాగం హెడ్ బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. "మాస్టారూ, ఫస్ట్ క్లాసులు రావాలంటే కన్నం ఎంత ఉండాలి?"

మాస్టారు పళ్లు కొరికాడు.

వీసీ ముఖం వెలిగిపోతోంది. "ర్యాంకుకి దారి చూపించారయ్యా!"

"కోడి కూసిందని తెల్లారదు సార్! తెల్లారుతోందని కోడి కూస్తుంది!"

"కోళ్లు కూడా పెంచుదాం."

మేడమ్ ముందుకొచ్చింది. కళ్లలో నిప్పులు, గొంతులో తేనె. "మోడల్‌లో అందరికన్నా ఆఖరు మీ ఆఫీసే సార్. పాపం, ఈ గదిలో చుక్క కారదుగా. మా గదికి వచ్చేయండి, కన్నం కొట్టే ఖర్చు కూడా ఉండదు."

ప్రతి గదిలోనూ శ్లాబు కారాల్సిందేనని గంట క్రితం తానే సంతకం పెట్టిన ఉత్తర్వు వీసీ బల్ల మీదే ఉంది. కాదనడానికి దారి లేదు. మధ్యాహ్నానికి గదులు మారాయి. సాయంత్రం వాన దంచికొట్టింది. మొక్కలు పొడిగా ఉన్నాయి, వీసీ తడిసి ముద్దయ్యాడు. వాన వెలిసేలోపే యూనివర్సిటీలోని ప్రతి శ్లాబుకూ మరమ్మతు మంజూరైంది.

శ్లాబు కారితే ఆఫీసు చురుగ్గా పనిచేస్తుందని రుజువు చేసినందుకు, మర్నాడు మాస్టారికి అభినందన పత్రం అందింది.