కాళ్లు నక్కవి, ముఖం గేదెది

ఒక పెద్ద అడవిలో ఎన్నికలొస్తే ముందు సినిమా వేస్తారు. మొదటి సీనులో ఈలలు ఎవరికి పడితే వాళ్లే ప్రెసిడెంటు. ఓట్లు వేసే ఓపిక అక్కడెవరికీ లేదు.

సినిమా ముక్కలు అతికే పని పోగులమ్మ అనే సాలెపురుగుది. నోట్లో నాలుక లేనిది, పాపం. పంచాయతీ చూరు కింద గూడు కట్టుకుని, అందులో గుడ్లసంచి దాచుకుంది.

అప్పటి ప్రెసిడెంటు నక్క జంబయ్య. చీపురు పట్టుకునే వచ్చాడు.

"పోగులమ్మా, ఈలలు నాకు పడ్డాయా, నీ గూడు జోలికి రాను. పడలేదా, మర్నాడే చూరు దులిపేస్తా."

"అలాగేనయ్యా," అంది పోగులమ్మ. పిల్లలు బయటికి రావడానికి ఇంకా పది రోజులుంది.

"ముందు నా కాళ్లు చూపించు. తర్వాత తోక. తర్వాత చెవి. ముఖం ఆఖర్న! జనం కాచుకుని కాచుకుని అల్లాడిపోవాలి. మధ్యమధ్య నన్ను చూసి పరవశించే ముఖం ఒకటి వెయ్యి."

కెమెరా చుంచెలుకది. కలుగులోంచి పైకి తీస్తుంది గనక ఎవరైనా ఏనుగంత కనిపిస్తారు. జంబయ్య కాళ్లు తాటిమానుల్లా వచ్చాయి. పరవశించే ముఖమే దొరకలేదు. జంబయ్యని చూసి కుందేలు పారిపోయింది, జింక మొహం తిప్పుకుంది. మేతకొచ్చి అడవిలోనే ఉండిపోయిన గేదె సూరమ్మ ఒక్కతే కదలకుండా నిలబడింది, నెమరేస్తూ.

"అది పరవశమేనంటావా?" అనడిగింది చుంచెలుక.

"ఏమోనమ్మా. పారిపోలేదు కదా," అంది పోగులమ్మ.

సినిమా పడింది. దుమ్ము రేపుతూ జంబయ్య కాళ్లు. వెంటనే సూరమ్మ ముఖం, కొమ్ములు ఆకాశాన్ని తాకుతూ.

"ఎవడో కాలు దువ్వుతుంటే బెదిరిందేమో చూడు!" అంది కోతి.

ఎండిన మడుగు, దాని గట్టున జంబయ్య తోక. మళ్లీ సూరమ్మ ముఖం, అదే ముఖం.

"మడుగెండిందని లోలోపలే కుమిలిపోతోందే తల్లి!" అని ఎలుగుబంటి కళ్లొత్తుకుంది.

జంబయ్య చెవి వచ్చి, వెనకే సూరమ్మ పడేసరికి ఈలలు చెవులు చిల్లులు పడేలా మోగాయి. జంబయ్య ముఖం వచ్చేసరికి చూసేవాళ్లే లేరు. అందరూ సూరమ్మని భుజాలకెత్తుకోబోయి నడుములు పట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు జంబయ్య చీపురుతో చూరు కింద నిలబడ్డాడు. ఇంతలో కొత్త ప్రెసిడెంటు సూరమ్మ అటుగా వచ్చింది, వెనకాల అడవంతా. పోగులమ్మ ఒక పోగు వదిలి, గుడ్లసంచిని సరిగ్గా సూరమ్మ ముఖం పక్కకి దించింది.

సూరమ్మ నెమరేసింది.

"అయ్యయ్యో, పసిగుడ్లని చూసి ప్రెసిడెంటమ్మ గుండె ఎలా కరిగిపోతోందో! దించవయ్యా చీపురు!" అని అడవంతా అరిచింది.

జంబయ్య దించాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే గడ్డి నములుతూ ప్రాక్టీసు చేస్తున్నాడు.

నీతి: నాయకుడవ్వాలంటే ముఖంలో ఏమీ ఉండకూడదు, మిగతాది అతికేవాళ్లు చూసుకుంటారు.